కొత్త బ్యాటరీ, పాత తీగ: నిమ్‌పురా యార్డు నుంచి సముద్రం దాకా ఒకే ప్రశ్న

అర్ధరాత్రి వేళ నిమ్‌పురా గూడ్స్ యార్డుకు బయటి నుంచి వచ్చే విద్యుత్ సరఫరా కొన్ని నిమిషాలు నిలిచిపోయిందనుకుందాం. స్తంభాల మీది పెద్ద దీపాలు ఆరిపోతాయి. అయినా సిగ్నళ్లు వెలుగుతూనే ఉండాలి. ఏ పట్టా మీద బండి ఉందో తెలిపే ట్రాక్ సర్క్యూట్లు పనిచేస్తూనే ఉండాలి. ఒక దారి నుంచి మరో దారికి బండిని మళ్లించే పాయింట్లు అడిగిన వెంటనే కదలాలి. ఆ కొద్ది నిమిషాల భారాన్ని మోసేవి ఒక గదిలో వరుసగా పేర్చి ఉంచిన బ్యాటరీలు. వాటి గురించి ప్రయాణికుడికి తెలియదు, తెలియవలసిన అవసరమూ రాదు. అవి మొరాయించిన రోజున మాత్రం ఆ సంగతి అందరికీ తెలుస్తుంది.

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణానికి ఆనుకుని ఉన్న నిమ్‌పురాలో ఈ విషయం కేవలం ఇంజనీర్ల చర్చ కాదు. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో అనేకం రైల్వే కొలువుల మీదే ఆధారపడి బతికాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన కార్మికులు వర్క్‌షాపుల్లో, షెడ్లలో, యార్డుల్లో కుదురుకున్నారు. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడా వాల్తేరు డివిజన్ 2003 వరకు అదే రైల్వేలో భాగంగా ఉండడంతో ఆ రాకపోకలు సాగాయి. బ్యాటరీలో స్వేదనజలం పోయడం, హైడ్రోమీటరుతో యాసిడ్ సాంద్రత కొలవడం, తుప్పు పట్టిన టెర్మినళ్లను శుభ్రం చేయడం వంటి పనులు ఇక్కడి ఇళ్లలో ఎవరో ఒకరికి తెలిసినవే.

ఇప్పుడు ఆ పనుల స్వభావం మారుతోంది. సీసం, యాసిడ్‌తో పనిచేసే బ్యాటరీల పక్కకు లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. చేత్తో రాసిన రిజిస్టరు స్థానంలో తెర మీద అంకెలు వస్తున్నాయి. రైలు పెట్టెలో, సిగ్నల్ గదిలో, చేపల వేటకు వెళ్లే మరపడవలో, నదిని దాటించే ఫెర్రీలో వయసు మీరిన ఛార్జింగ్, పర్యవేక్షణ వ్యవస్థలను మార్చే పని ఏకకాలంలో సాగుతోంది. మార్పు అవసరమన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. దానిని ఏ వరుసలో, ఎవరి చేతుల మీదుగా, ఎలాంటి తనిఖీతో చేయాలన్నదే అసలు ప్రశ్న.

వయసు మీరేది బ్యాటరీ ఒక్కటే కాదు

రైల్వేలో బ్యాటరీ లేని చోటు అరుదు. డీజిల్ ఇంజిన్‌ను తిప్పి లేపేది బ్యాటరీయే. విద్యుత్ ఇంజిన్ పైనున్న తీగను అందుకోవాలంటే ముందుగా పాంటోగ్రాఫ్ పైకి లేవాలి. గాలి పీడనం లేని స్థితిలో అందుకు అవసరమైన చిన్న కంప్రెసరును నడిపేదీ బ్యాటరీయే. సాధారణ పెట్టెల్లో దీపాలు, పంకాలు 110 వోల్టుల వ్యవస్థ మీద నడుస్తాయి. పాత తరహా ఏసీ పెట్టెల్లో చక్రాల ఇరుసు తిరుగుడుతో పనిచేసే ఆల్టర్నేటర్లు, వాటికి తోడుగా 1,100 ఆంపియర్ అవర్ల సామర్థ్యం గల బ్యాటరీలు ఉంటాయి. బండి కదులుతున్నంతసేపు ఛార్జింగ్ జరుగుతుంది. ఆగినప్పుడు నిల్వ ఖర్చవుతుంది. బండి ఆలస్యమై దారిలో గంటల తరబడి నిలిచిపోతే ఆ లెక్క తలకిందులవుతుంది.

సీసపు బ్యాటరీలో ఒక్కో సెల్ సుమారు 2 వోల్టులు ఇస్తుంది. 110 వోల్టుల కోసం 55 సెల్‌లను ఒకదాని వెంట ఒకటి గొలుసుగా కలుపుతారు. ఈ గొలుసులో ఒక్క సెల్ బలహీనపడినా మొత్తం బ్యాటరీ శక్తి దానికే కట్టుబడి ఉంటుంది. బయట ఉన్న మీటరులో మాత్రం ఆ లోపం స్పష్టంగా కనిపించదు. 110లో అర వోల్టు తగ్గుదలను ఎవరు పట్టించుకుంటారు? అందుకే వెనుకటి తరం కార్మికులు ఒక్కో సెల్‌కు విడివిడిగా హైడ్రోమీటరు పెట్టి చూసేవారు. అది నిదానమైన పని, చేతులకు యాసిడ్ అంటే పని. కానీ ఏ సెల్ చెడుతోందో వారికి ముందే తెలిసేది.

మూసి ఉంచిన బ్యాటరీలు వచ్చాక నీరు పోసే శ్రమ తప్పింది. దానితోపాటు యాసిడ్‌ను కొలిచే దారి కూడా మూసుకుపోయింది. కొలిచే పద్ధతి పోయి, దాని స్థానంలో మరొకటి రాకపోతే నిర్వహణ సులభమైనట్టు కనిపిస్తుందే తప్ప భద్రత పెరగదు. ఆధునిక పర్యవేక్షణ పరికరాలు నింపవలసినది ఈ ఖాళీనే. ఒక్కో సెల్ వోల్టేజీని, ఉష్ణోగ్రతను, లోనికి వచ్చిన విద్యుత్తును, బయటికి పోయిన విద్యుత్తును నిరంతరం లెక్కించడం వాటి పని.

ఛార్జరే అసలు కీలకం

బ్యాటరీ పాతబడిందని దానిని మార్చి, గోడకున్న ఛార్జరును అలాగే ఉంచడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, బ్యాటరీ మార్చగానే వ్యవస్థ కొత్తదైపోదు.

వేడి ఉదాహరణనే తీసుకుందాం. సీసపు బ్యాటరీ వేడెక్కుతున్న కొద్దీ దానికిచ్చే ఛార్జింగ్ వోల్టేజీని తగ్గించాలి. సాధారణంగా ప్రతి డిగ్రీకి, ప్రతి సెల్‌కు 3 నుంచి 5 మిల్లీవోల్టుల మేర తగ్గించాలన్నది నియమం. 25 డిగ్రీల వద్ద సరిపోయేలా అమర్చిన ఛార్జరు 40 డిగ్రీల గదిలోనూ అదే వోల్టేజీని ఇస్తూ పోతే, 55 సెల్‌ల వరుసకు దాదాపు 3 వోల్టులు అదనంగా అందుతాయి. ఆ అదనం బ్యాటరీలోని నీటిని హరిస్తుంది, పలకలను తినేస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ అంగీకరించే స్థూలమైన లెక్క. మేదినీపూర్ ఎండలు 40 డిగ్రీలు దాటే నేలలో ఇది చిన్న విషయం కాదు. ఉష్ణోగ్రతను గ్రహించి తనంతట తాను సర్దుకునే ఛార్జరు లేనప్పుడు ఎంత మంచి బ్యాటరీ తెచ్చినా గడువుకు ముందే చెడుతుంది.

మరొక ప్రమాదం వాయువుది. మితిమీరి ఛార్జ్ చేసిన సీసపు బ్యాటరీ హైడ్రోజన్‌ను వదులుతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే బ్యాటరీ గదికి గాలి వెలుతురు తప్పనిసరి. గాలి ఆడని చోట, ముఖ్యంగా పడవ అడుగున, ఈ ముప్పు మరింత ఎక్కువ.

లిథియం సంగతి వేరు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ హైడ్రోమీటరుకు లొంగదు, వోల్టు మీటరుకూ పూర్తిగా లొంగదు. నిండుగా ఉన్నప్పుడు, సగానికి వచ్చినప్పుడు దాని వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. నిల్వ ఎంత ఉందో తెలియాలంటే వచ్చిపోయే విద్యుత్తును లెక్కగట్టడం ఒక్కటే మార్గం. పైగా అది ఛార్జింగ్ వేళ విద్యుత్తును ఆబగా లాగుతుంది. సీసపు బ్యాటరీ కోసం తయారైన పాత ఆల్టర్నేటర్ ఆ భారానికి వేడెక్కి కాలిపోవచ్చు. లిథియం బ్యాటరీలోని రక్షణ వ్యవస్థ ప్రమాదాన్ని పసిగట్టి హఠాత్తుగా సంబంధం తెంచుకుంటే, తిరుగుతున్న ఆల్టర్నేటర్‌లో వోల్టేజీ ఎగసి దాని డయోడ్లు దెబ్బతినవచ్చు. కాబట్టి లిథియం తెచ్చేవారు ఛార్జరును, ఆల్టర్నేటర్ నియంత్రణను, ఫ్యూజులను, తీగల మందాన్ని కూడా మార్చవలసి ఉంటుంది.

నీటి మీద లెక్క మరింత కఠినం

రైలు ఆగిపోతే ప్రయాణికుడు పట్టాల పక్కన దిగవచ్చు. నడిసముద్రంలో పడవలోని వారికి ఆ వెసులుబాటు లేదు. నిమ్‌పురాకు దక్షిణాన దీఘా, శంకర్‌పూర్ తీరంలోనైనా, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లోనైనా మరపడవల్లో కనిపించే అమరిక దాదాపు ఒకటే. ఇంజిన్‌ను లేపడానికి సీసపు బ్యాటరీ, దానిని నింపడానికి ఇంజిన్‌కు తగిలించిన డైనమో, ఆ బ్యాటరీ మీదనే దీపాలు, వైర్‌లెస్, జీపీఎస్, చేపల జాడ తెలిపే పరికరం. ఏళ్లు గడిచిన కొద్దీ కొత్త పరికరాలు ఒకటొకటిగా వచ్చి చేరతాయి. తీగలు పెరుగుతాయి. ఛార్జింగ్ మాత్రం మొదటి రోజు ఉన్నట్టే ఉంటుంది.

ఒక సులభమైన లెక్క చూద్దాం. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం వాడుకోవచ్చనుకుంటే, 5 ఆంపియర్ల భారాన్ని అది 10 గంటలు మోస్తుంది. వయసు మీరి సామర్థ్యం 60కి పడిపోతే ఆ 10 గంటలు 6 గంటలవుతాయి. నిండుగా ఛార్జ్ చేసి కొంతసేపు వదిలేశాక రెండింటిలోనూ మీటరు చూపేది దాదాపు ఒకే అంకె, సుమారు 12.6 వోల్టులు. రేవులో బయలుదేరేటప్పుడు అంతా బాగున్నట్టే ఉంటుంది. తేడా తెలిసేది తెల్లవారుజామున, ఇంజిన్ లేవనప్పుడు.

మత్స్యకారుల పడవలకు లక్ష ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో ప్రారంభించింది. ఇస్రో అభివృద్ధి చేసిన ఈ సాంకేతికతతో తీరానికి దూరంగా ఉన్న పడవలు ఆపదలో సందేశం పంపవచ్చు, తుపాను హెచ్చరికలు అందుకోవచ్చు. ఇది ప్రాణాలు నిలిపే ఏర్పాటు. అయితే పడవ మీది విద్యుత్ వ్యవస్థ నమ్మదగినదైనప్పుడే ఇలాంటి పరికరాల పూర్తి ప్రయోజనం దక్కుతుంది. పరికరానికి ఇచ్చిన ప్రాధాన్యం దాని వెనుకనున్న బ్యాటరీకి, తీగకు కూడా దక్కాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలవుతుంది. వలలు, చెక్క, ఇంజిన్ బాగుచేసుకునే ఆ రోజుల్లోనే బ్యాటరీ సామర్థ్య పరీక్ష కూడా జరిపితే, అందుకు రేవుల్లో ప్రభుత్వం సదుపాయం కల్పిస్తే, పెద్ద ఖర్చు లేకుండా జరిగే మేలు ఇది.

ఫెర్రీల రంగంలో మార్పు మరింత వేగంగా ఉంది. కేరళలో 2017లో 75 మంది ప్రయాణించగల సౌర ఫెర్రీ ‘ఆదిత్య’ సేవలు ఆరంభించింది. 2023 ఏప్రిల్‌లో కొచ్చి వాటర్ మెట్రో మొదలైంది. కోల్‌కతాలోని ప్రభుత్వరంగ నౌకా నిర్మాణ సంస్థ గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ 150 మంది ప్రయాణించగల విద్యుత్ ఫెర్రీని నిర్మించి 2025 జనవరిలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించింది. బెంగాలీలో అల అనే అర్థమిచ్చే పేరు గల ఆ ఫెర్రీలో 210 కిలోవాట్ అవర్ల లిథియం బ్యాటరీ ఉంది. పాత బ్యాటరీ మొరాయిస్తే ఇంజిన్ లేవదు. ఇలాంటి ఫెర్రీలో బ్యాటరీయే ఇంధనం, బ్యాటరీయే భారం, నిర్లక్ష్యం చేస్తే బ్యాటరీయే ముప్పు.

ఆ ముప్పు ఊహాజనితం కాదు. 2010 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ఉన్న ఐఎన్ఎస్ సింధురక్షక్ జలాంతర్గామిలో బ్యాటరీ విభాగంలో సంభవించిన ప్రమాదం ఒక నావికుడి ప్రాణం తీసింది. బ్యాటరీ వాల్వులో లోపం వల్ల హైడ్రోజన్ వెలువడడమే కారణమని నౌకాదళ వర్గాలు అప్పట్లో వెల్లడించాయి. విద్యుత్ ఫెర్రీల్లో ముందున్న నార్వేలో 2019 అక్టోబరులో ఒక ఫెర్రీ బ్యాటరీ గదిలో మంటలు చెలరేగాయి. మంటలు అదుపులోకి వచ్చాయనుకున్న తరువాత, మరునాడు వాయువులు పేరుకుని పేలుడు జరిగింది. ఒకటి పాత తరం సీసపు బ్యాటరీ, మరొకటి కొత్త తరం లిథియం. రెండు చోట్లా పాఠం ఒకటే. లోపల ఏమి జరుగుతోందో బయటివారికి సకాలంలో తెలియాలి.

మార్పిడి వేళే అసలు గండం

పాత వ్యవస్థను కొనసాగించడంలో ఎంత ప్రమాదం ఉందో, దానిని మార్చే తీరులోనూ అంతే ప్రమాదం ఉండవచ్చు. ఈ మాట ఖరగ్‌పూర్ డివిజన్‌కు విడమరచి చెప్పనక్కరలేదు. 2023 జూన్ 2 సాయంత్రం ఇదే డివిజన్‌లోని బహనాగా బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రధాన మార్గంలో వెళ్లవలసి ఉండగా లూప్ లైనులోకి మళ్లి, ఆగి ఉన్న గూడ్స్ బండిని ఢీకొంది. పట్టాలు తప్పిన పెట్టెలకు యశ్వంత్‌పూర్–హౌరా ఎక్స్‌ప్రెస్ కూడా తగిలింది. 290 మందికి పైగా మరణించారు. ఖరగ్‌పూర్ మీదుగా తెలుగు నేలను దాటి చెన్నై వెళ్లే ఆ బండి ఈ పట్టణంలోని తెలుగువారికి స్వగ్రామాల దారి.

ఆ దుర్ఘటన బ్యాటరీ వల్ల జరగలేదు. గతంలో సిగ్నల్ సర్క్యూట్‌లో చేసిన మార్పులోని లోపం, 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ వద్ద విద్యుత్ గేటును మార్చే పనిలో భాగంగా చేసిన సిగ్నలింగ్ పనిలోని లోపం కలిసి ప్రమాదానికి దారితీశాయని రైల్వే భద్రతా కమిషనర్ దర్యాప్తు తేల్చింది. తీగల మీద ఉండవలసిన గుర్తులు సరిగా లేవని కూడా నివేదిక ఎత్తిచూపింది. 2022 మే 16న ఇదే డివిజన్‌లోని బంక్రా నయాబాజ్ స్టేషన్‌లో తప్పు తీగల అమరిక వల్ల ఇలాంటి ఘటనే జరిగిందనీ, అప్పుడే దిద్దుబాటు చర్యలు తీసుకుని ఉంటే బహనాగా జరిగేది కాదనీ ఆ నివేదిక పేర్కొంది.

పాతదాన్ని తీసి కొత్తదాన్ని పెట్టే ప్రతి పనికీ ఇది వర్తిస్తుంది. గేటు కావచ్చు, ఛార్జరు కావచ్చు. కాగితం మీది పటానికీ పెట్టెలోని తీగలకూ పొంతన ఉందా? పని ముగిశాక చేసినవారు కాక మరొకరు పరీక్షించారా? గతంలో జరిగిన చిన్న తప్పును ఎవరైనా నమోదు చేసి, తరువాతి వారికి చెప్పారా? కొత్త పరికరం ధర ఎంతైనా ఈ మూడు ప్రశ్నలకు సమాధానం దానితోపాటు రాదు.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. సిగ్నల్ వ్యవస్థ విద్యుత్తు కోల్పోతే రక్షణ దిశగా ఒరిగేలా నిర్మితమవుతుంది. బండ్లు ఆగుతాయి. అందువల్ల బ్యాటరీ వైఫల్యం సాధారణంగా ఆలస్యానికి దారితీస్తుంది, ఢీకొనడానికి కాదు. కానీ ఆ తరువాత బండ్లను మనుషులే రాతపూర్వక అనుమతులతో నడపవలసి వస్తుంది. యంత్రం మోసే భారం స్టేషన్ మాస్టర్ మీద, లోకో పైలట్ మీద పడుతుంది. నిద్రలేని వేళ ఆ భారం పెరిగిన కొద్దీ తప్పుకు తావు పెరుగుతుంది.

ఖర్చు, చేతులు, భాష

అన్ని చోట్లా లిథియమే పరిష్కారమని చెప్పడం తొందరపాటు. ఎప్పుడూ నిండుగా ఉండి, అరుదుగా మాత్రమే పనిచేసే సిగ్నల్ గది బ్యాటరీకి సీసం ఇప్పటికీ చౌకైన, నమ్మదగిన ఎంపిక. దానిని తిరిగి కరిగించి వాడుకునే వ్యవస్థ దశాబ్దాలుగా ఉంది. రోజూ నిండి ఖాళీ అయ్యే ఫెర్రీకి, బరువు తగ్గించుకోవలసిన చోటుకు లిథియం తగినది. అవసరాన్ని బట్టి రసాయనాన్ని ఎంచుకోవాలి తప్ప వాడుకలో ఉన్న మోజును బట్టి కాదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు అన్ని రకాల బ్యాటరీలకూ ఉత్పత్తిదారుల బాధ్యతను విస్తరించాయి. అయినా పాత సీసపు బ్యాటరీలు అనుమతి లేని బట్టీలకు చేరితే, ఆ పొగ పీల్చేది అక్కడి కూలీలు, పరిసరాల పిల్లలే.

ఈ మార్పులో తెలుగు నేలకు మరో కోణంలోనూ పాత్ర ఉంది. తిరుపతి కేంద్రంగా ఎదిగిన అమరరాజా, హైదరాబాద్‌కు చెందిన హెచ్‌బీఎల్ రైల్వేకు బ్యాటరీలు సరఫరా చేసే సంస్థల్లో ఉన్నాయి. ఖరగ్‌పూర్‌కు చేరువలోని హల్దియాలో ఎక్సైడ్ కర్మాగారం ఉంది. రైళ్లు ఢీకొనకుండా చూసే ‘కవచ్’ పరికరాలను తయారు చేసే మేధా, కెర్నెక్స్, హెచ్‌బీఎల్ మూడూ హైదరాబాద్ సంస్థలే. కవచ్ విస్తరించిన కొద్దీ ఇంజిన్లలో, స్టేషన్లలో నిలకడైన విద్యుత్ నిల్వకు అవసరం మరింత పెరుగుతుంది. తయారీ సామర్థ్యం దేశంలో ఉంది. కొరత ఉన్నది అమర్చిన తరువాత పదేళ్లపాటు వాటిని కనిపెట్టుకుని ఉండే నిర్వహణలో.

ఆ కనిపెట్టుకుని ఉండే పని మనుషులది. తెర మీద ఎర్ర గుర్తు వెలిగితే చాలదు. దాని అర్థం తెలిసి, పనిని ఆపే అధికారం ఉన్న మనిషి అక్కడ ఉండాలి. హైడ్రోమీటరు చదివిన చేతులకు కొత్త పరికరం చదవడం నేర్పాలి. ఖలాసీ నుంచి ఇంజనీరు దాకా, కాంట్రాక్టు కార్మికుడితో సహా, అందరికీ ఆ శిక్షణ వారికి అర్థమయ్యే భాషలో అందాలి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష గుర్తింపును ఆమోదించినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువారు హర్షించారు. ఆ గుర్తింపు కార్యాలయాల దరఖాస్తులకే పరిమితం కానవసరం లేదు. బ్యాటరీ గది తలుపు మీది హెచ్చరిక బెంగాలీ, హిందీలతోపాటు తెలుగులోనూ ఉంటే దానికి అంతకు మించిన సార్థకత ఉండదు.

చేయవలసిన పనుల వరుస కష్టమైనదేమీ కాదు. మొదట కొలవాలి, అంటే ప్రతి సెల్ నిజ సామర్థ్యం తెలుసుకోవాలి. తరువాత తీగలు, ఫ్యూజులు, గాలి వచ్చే మార్గాలు సరిచూడాలి. అటుపై ఛార్జరు మార్చాలి. బ్యాటరీ మార్చడం చివరి మెట్టు. ఆచరణలో చాలాచోట్ల ఈ వరుస తిరగబడుతోంది. బ్యాటరీ కొనుగోలుకు నిధులు సులభంగా దొరుకుతాయి, కొలిచే పరికరానికీ శిక్షణకూ దొరకవు. కొన్న వస్తువు కంటికి కనిపిస్తుంది, తప్పిన ప్రమాదం కనిపించదు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నది పెద్దల మాట. నిమ్‌పురా యార్డులోనైనా, నడిసముద్రంలోని పడవలోనైనా ఆ దీపాన్ని నిలిపి ఉంచేది బ్యాటరీ. సరఫరా సవ్యంగా ఉన్న రోజునే, వెలుతురులోనే, దానిని పరీక్షించుకోవాలి. చీకటి పడ్డాక మిగిలేది విచారణ నివేదిక మాత్రమే.